మూడు వేళ్ళు

హంగర్ గేమ్స్ పేరెత్తగానే "అబ్బే, అది టీనేజీ పిల్లల పుస్తకం కదా" అని తీసిపారేసేవాళ్ళు మన ఆఫీసుల్లో బోలెడుమంది. నాకు మాత్రం అది చరిత్ర పుస్తకాల పక్కన పెట్టుకోవాల్సిన నవలే అనిపిస్తుంది. చరిత్రలోంచి పుట్టి, మళ్ళీ చరిత్రలోకే వెళ్ళింది మరి.

పుట్టుక సంగతి చాలామందికి తెలిసిందే. 2008లో వచ్చిన ఈ నవలలో సుజాన్ కాలిన్స్ తన దేశానికి పెట్టిన పేరు పానెం. అంటే లాటిన్‌లో రొట్టె. రొట్టె, ఆటలు పడేస్తే జనం రాజకీయాలు మర్చిపోతారని రోమన్ కవి జువెనల్ ఎప్పుడో ఎత్తిపొడిచాడు, అక్కడినుంచి తీసుకుంది. ఏథెన్స్ వాళ్ళు తమ పిల్లల్ని క్రీటుకి బలి పంపే థీసియస్ కథ ఇంకో మూలం. టీవీలో ఓ ఛానెల్లో రియాలిటీ షో, ఇంకో దాంట్లో ఇరాక్ యుద్ధం చూస్తుంటే రెండూ కలగలిసిపోయి ఈ ఆలోచన వచ్చిందని ఆవిడే చెప్పింది.

అసలు కథ తర్వాత మొదలైంది. 2014 మే 22న థాయిలాండ్‌లో సైన్యం అధికారం లాక్కుంది. ఐదుగురు ఒకచోట చేరి రాజకీయాలు మాట్లాడితే నేరం. జనం ఏం చేశారంటే, నోరు మూసుకుని మూడు వేళ్ళు పైకెత్తారు! సినిమాలో కాట్నిస్ ఎత్తినట్టే. గుంపుగా ఆ సెల్యూట్ చేసి, చెప్పినా చెయ్యి దించకపోతే అరెస్టు చేస్తామని అధికారులు హెచ్చరించారు. నవంబర్ 19న ఖోన్ కేన్‌లో ప్రధాని ప్రయుత్ చాన్-ఓచా ప్రసంగిస్తుంటే ఐదుగురు విద్యార్థులు ఎదురుగా నిలబడి వేళ్ళెత్తారు. వెంటనే పట్టుకెళ్ళారు. ఆ మర్నాడే మాకింగ్‌జే సినిమా విడుదల. బ్యాంకాక్‌లో ఓ థియేటర్ల సంస్థ ఆటలు రద్దు చేసుకుంది కూడా.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లోనూ సైన్యం అదే పని చేసింది. డాక్టర్లు, నర్సులు ఆస్పత్రుల ముందు నిలబడి మూడు వేళ్ళెత్తారు. అదే నెల 26న ఐక్యరాజ్య సమితిలో ఆ దేశ రాయబారి క్యా మో టున్ ప్రసంగం ముగించి అదే సెల్యూట్ చేశాడు. మర్నాడు సైనిక ప్రభుత్వం ఆయన్ని పదవిలోంచి తీసేసింది.

"సినిమా చూసి విప్లవాలు చేస్తారా?" అని నవ్వచ్చు. ధైర్యం ఎవరికీ సినిమా ఇవ్వదు. అది ఇచ్చింది అందరికీ ముందే తెలిసిన ఒక గుర్తు మాత్రమే. మాట్లాడితే నేరమైన చోట వివరించక్కర్లేని గుర్తు ఎంత అవసరమో ఆలోచించండి. అది స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని కొందరు థాయ్ ఉద్యమకారులు అర్థం చెప్పుకున్నారు.

నవలలో మాత్రం ఆ సైగ మొదట తిరుగుబాటు గుర్తు కాదు. కాట్నిస్ వాళ్ళ ఊళ్ళో పాతకాలపు ఆచారం అది, ఎప్పుడైనా అంత్యక్రియల్లో కనిపిస్తుంది. కృతజ్ఞత, గౌరవం, ఆత్మీయులకి వీడ్కోలు అని అర్థం. చెల్లెలి బదులు తను వెళ్తానని కాట్నిస్ ముందుకొచ్చినప్పుడు జనం చప్పట్లు కొట్టకుండా ఆ సైగ చేస్తారు. రెండో పుస్తకంలో అదే సైగ చేసిన ముసలాయన్ని అక్కడికక్కడే కాల్చేస్తారు.

కాలిన్స్ అబద్ధం చెప్పలేదన్నమాట. వేళ్ళెత్తితే ప్రభుత్వాలు కూలిపోవు. ప్రయుత్ 2023 దాకా ప్రధానిగానే ఉన్నాడు. మయన్మార్ అంతర్యుద్ధంలోకి జారిపోయింది, ఆ వీధుల్లో వేళ్ళెత్తిన కుర్రాళ్ళు ఎందరో తిరిగి ఇంటికి రాలేదు. వాళ్ళకి మిగిలినవాళ్ళు అవే మూడు వేళ్ళతో వీడ్కోలు చెప్పారు. పుస్తకంలో ఉన్న అర్థంతోనే.

ఇప్పుడు చెప్పండి, ఇది పిల్లల పుస్తకమేనా?