కంపెనీలు పెట్టినవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు?

మన నర్సీపట్నం సంఘాల మీటింగుల్లో ఏదైనా యూనిట్ పెడదామంటే చాలు, ఒకటే జవాబు వస్తుంది. "కంపెనీలు డబ్బున్నోళ్ళకీ, చదువుకున్నోళ్ళకీ గానీ మనకెందుకే!" ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామని కొందరి చరిత్ర తెలుసుకుని ఇక్కడ రాస్తున్నాము.

అమృతాంజనం తెలియని ఇల్లు లేదు. దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టినవారు కాశీనాథుని నాగేశ్వరరావు గారు. ఆయనది కృష్ణా జిల్లా ఎలకుర్రు. ముందు ఆయనా ఒకరి దగ్గర జీతానికి చేసినవారే. ఆ కొలువులోనే వ్యాపారం నేర్చుకున్నారు. కొత్త మందు ఎవరు కొంటారు? అందుకని సంగీత కచేరీల దగ్గర ఊరికే పంచిపెట్టారు. వ్యాపారం నిలబడ్డాక 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. అంటే ఆయన ఆశ డబ్బు ఒక్కటే కాదు.

ఇంకో చరిత్ర మనలాంటి ఆడవాళ్ళది. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు గుజరాతీ గృహిణులు మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పే. మొదటిరోజు నాలుగు ప్యాకెట్లు అయ్యాయి. వాళ్ళకి వచ్చిన విద్య వంట ఒక్కటే. ఇంటి పనయ్యాక మిగిలిన పొద్దుని సంపాదనగా మార్చుకోవాలనుకున్నారు. నష్టమొచ్చినా విరాళం పుచ్చుకోకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. అదే లిజ్జత్ పాపడ్. పనిచేసే ప్రతి ఆడమనిషీ అందులో యజమానే. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

మన రాష్ట్రంలో చూస్తే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం తర్వాత ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి పొదుపు సంఘాలు లేచాయి. మన సంఘాలకి అవి అక్కల వంటివి.

వీళ్ళందరిలో మేము చూసింది మూడు: చేతికొచ్చిన పని, తప్పని అవసరం, పక్కన నిలబడే తోడు. అయితే ఒక మాట మరవకూడదు. నిలబడ్డవాళ్ళ కథే అందరూ చెబుతారు. మునిగినవాళ్ళది ఎవరూ రాయరు. అందుకే చిన్నగా మొదలుపెట్టడం మేలు.

చింతపల్లి వైపు నుంచి పసుపు, చింతపండు మన ఊరి మీదుగానే దిగుతాయి. ఆ పసుపే పొడై, ప్యాకెట్టై వస్తే ఎక్కువ ధర పెట్టి మనమే కొంటాము. పసుపు దంచడం మనకి రాని పనా? మన సంతకంతో తెచ్చిన అప్పు ఎన్ని ఇళ్ళలో మనకి చెప్పకుండానే ఖర్చయిపోతోంది! వాయిదా మాత్రం మనమే కట్టాలి.

ఈసారి అప్పు రాయించుకునే ముందు ప్రతి సంఘం ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మనకి ఏ పని వచ్చు? ఎవరు కొంటారు? ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయాలి.