సున్నం తయారీలో భౌతిక, రసాయనిక మార్పులు

ఒక పదార్థం ఆకారం, పరిమాణం లేదా స్థితి మాత్రమే మారితే దానిని భౌతిక మార్పు అంటారు. వేరే ధర్మాలు గల కొత్త పదార్థం ఏర్పడితే అది రసాయనిక మార్పు. సున్నపురాయి గోడమీద వెల్లగా మారే క్రమంలో ఈ రెండూ జరుగుతాయి.

రాయిని పగలగొట్టడం
సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. రాయిని పొడిచేసినా ప్రతి రేణువూ కాల్షియం కార్బొనేటే. పొడిని మళ్ళీ రాయిగా అతికించలేము. అయినా ఇది భౌతిక మార్పే. కావున తిరిగి పూర్వరూపం పొందనిదల్లా రసాయనిక మార్పు అనుకోరాదు.

బట్టీలో కాల్చడం
సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద సున్నపురాయి వియోగం చెంది పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్), కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. ఇది రసాయనిక మార్పు. 100 గ్రాముల శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ పూర్తిగా కాలితే 56 గ్రాముల పొడిసున్నం మిగిలి, 44 గ్రాములు వాయువుగా పోతాయి. రాయి నిప్పునుండి ఏదో గ్రహించడం వలననే సున్నానికి ఘాటు వస్తుందని పూర్వం భావించేవారు. స్కాట్లాండు శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన ప్రయోగాలలో, రాయి ఒక వాయువును కోల్పోతున్నదని తూకం ద్వారా నిరూపించాడు.

నీటితో తడపడం
పొడిసున్నంపై నీరు పోస్తే కుతకుత ఉడుకుతుంది. 56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటితో కలిసి 74 గ్రాముల తడిసున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) అవుతుంది. అప్పుడు సుమారు 65 కిలోజౌళ్ళ వేడి వెలువడుతుంది. ఇది రసాయనిక మార్పు. ఆ వేడికి మిగిలిన నీరు మరిగి ఆవిరి కావడం భౌతిక మార్పు.

వెల్ల గట్టిపడడం
గోడకు వేసిన వెల్లలోని నీరు మొదట ఆవిరవుతుంది. ఇది భౌతిక మార్పు. తరువాత తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో నెమ్మదిగా చర్య జరిపి తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. చప్పుడు, బుడగలు, తెలియవచ్చే వేడి లేకపోయినా ఇది రసాయనిక మార్పే. మొదటి పదార్థమే తిరిగి వచ్చింది కనుక, రసాయనిక మార్పు ఎన్నడూ వెనుకకు మళ్ళదనే సూత్రం కూడా సరికాదు.

గుర్తించే విధానం
వేడి, రంగు మారడం, బుడగలు సూచనలు మాత్రమే. సోడాబుడ్డి తెరిచినప్పుడు వచ్చే బుడగలు నీటిలో కరిగి ఉన్న వాయువే. కొత్త పదార్థం ఏర్పడిందా అన్నదే అసలు ప్రశ్న. పాత సున్నపు వెల్ల పెచ్చుపై నిమ్మరసం వేస్తే బుడగలు వస్తాయి. అది కార్బొనేట్‌గా మారినదనడానికి ఇది గుర్తు. గాలి తగలని తాజా తడిసున్నం అలా పొంగదు.

జాగ్రత్తలు
తెల్లగా ఒకేలా కనిపించినా ఈ పదార్థాల ప్రభావం ఒకటి కాదు. సున్నపురాయి పొడి కంటిలో నలతవలె బాధిస్తుంది. పొడిసున్నం, తడిసున్నం మాత్రం కంటిని కాల్చి చూపును పోగొట్టగలవు. తాంబూలానికి వాడే సున్నంతోనూ పిల్లలకు ఈ ప్రమాదం ఉంది. సున్నం కంటిలో పడితే వెంటనే ధారాళమైన నీటితో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.