ఒక్క దీర్ఘంలో దాగిన లెక్క

పాట క్లాసులో నేను మొదటి నెలంతా ఆదితాళం దగ్గరే ఆగిపోయా. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత రెండుసార్లు దెబ్బ వేసి చెయ్యి తిప్పడం. మొత్తం 8. వేళ్లు కదిలేవి కానీ, ఏ స్వరం ఎంతసేపు పట్టుకోవాలో తెలిసేది కాదు.

జవాబు మన గుణింతంలోనే ఉంది! ‘స’ అంటే ఒక అక్షరకాలం, ‘సా’ అంటే రెండు. పైన ఒక గీత గీస్తే అందులో సగం, రెండు గీతలైతే పావు.

తమిళ దేశంలోని ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఈ లెక్కతోనే నిలిచాయి. అంతకుముందు అవి ఎక్కువగా గురుశిష్యుల జ్ఞాపకంలోనే ఉండేవి. మనిషి పోతే పాటా పోయే ప్రమాదం. బ్యాకప్ లేని కోడ్ లాంటిదన్నమాట!

ఈసారి ‘సా’ కనిపిస్తే తొందరపడకండి, రెండు లెక్కపెట్టండి.