లోతును, విస్తీర్ణమును జయించిన సూక్ష్మచిత్రము

చోడవరం ప్రాంతపు చెరకు తోటలలో గడలపై ఒక్కొక్కప్పుడు బూడిదరంగు పొలుసు పురుగులు కనబడును. ఒక్కొక్కటి ఇంచుమించు ఆవగింజంత. దానిని బాగుగా పెద్దది చేసి ఛాయాచిత్రము తీయబోయినచో రెండు కొరతలు ఎదురగును. వీపు స్పష్టముగా ఉన్నచో అంచులు మసకబారును. పురుగంతయు చట్రములో పట్టదు. ఆకారము పెద్దదైన కొలది స్పష్టముగా కనబడు పొర పలుచనగును, కనబడు ప్రదేశము ఇరుకగును. ఇది కటకముల స్వభావము. రంధ్రమును చిన్నది చేసినచో లోతు కొంత పెరుగును గాని, కాంతి వివర్తనము వలన సూక్ష్మ వివరములు చెదరిపోవును. ఈ కొరతలను దాటిన చరిత్రలో తెలుగుదేశమునకును చోటు కలదు.

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో వైద్యాధికారి రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తమును నాలుగు దినముల క్రిందట త్రాగిన దోమను కోసి, దాని కడుపును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించెను. కడుపు గోడ అంతయు ఒక్క చూపునకు అందదు. చోటు వెంట చోటు వెదకవలెను. అట్లు వెదకగా ఇంచుమించు 12 మైక్రానుల వ్యాసముగల గుండ్రని కణము కనబడెను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పిదప వెలుతురు పెంచి, నాభిని మార్చి చూడగా, ఆ కణములో మలేరియా పరాన్నజీవియందుండు నల్లని రేణువులు తేలినవి. దోమకును మలేరియాకును గల సంబంధము అట్లు బయటపడెను. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

పక్కకు జరిగి చూచుట, లోతు మార్చి చూచుట — రాస్ చేసినవి ఈ రెండు పనులే. ఆ తునకలను కలిపినది ఆయన మనస్సు.

ఈ కలుపు పనిని యంత్రమునకు అప్పగించుటకు చాలకాలము పట్టెను. 1964లో అమెరికాలో డాన్ మెక్‌లాక్లన్ ఒక ఉపాయమును ప్రకటించెను. పలుచని వెలుతురు పొరగుండ వస్తువును మెల్లగా కదిపినచో, స్పష్టమైన భాగములు మాత్రమే వరుసగా ఫిల్ముపై పడును. 1983లో పీపర్, కోర్పెల్ అనువారు వేరువేరు లోతుల చిత్రములను కంప్యూటరుతో కలుపు పద్ధతిని వివరించిరి. దీనినే నేడు ఫోకస్ స్టాకింగ్ అందురు. అదే సంవత్సరము బర్ట్, ఆడెల్సన్ అనువారు చిత్రమును ముతక, సన్న వివరముల అంతస్తులుగా విడదీసి, ఇరుగుపొరుగు చిత్రములను అతుకు కనబడకుండ కలుపు మార్గము చూపిరి. ఈ అంతస్తుల పద్ధతి లోతుల చిత్రములను కలుపుటకును పనికివచ్చెను. ఇట్లు రెండు కొరతలకు ఒకే సూత్రము మందైనది.

రెంటిని కలిపి వాడునప్పుడు క్రమము ముఖ్యము. పురుగును 6 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును 40 లోతులలో తీసినచో మొత్తము 240 చిత్రములగును. మొదట ఒక్కొక్క భాగపు 40 చిత్రములను ఒకటిగా చేయవలెను. ఆ పిదపనే ఆరింటిని అతుకవలెను. అంచులు మసకగా ఉన్నచో అతుకుటకు గురుతులు దొరకవు. పొరుగు భాగములు కొంతమేర ఒకదానిపై ఒకటి వచ్చునట్లు తీయుటకు కారణమిదే. 2016లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో లెవన్ బిస్ ప్రదర్శించిన కీటక చిత్రములు ఇట్టివే. ఒక్కొక్క పురుగును ఇంచుమించు 30 భాగములుగా, 10 మైక్రానుల అడుగులతో తీసెను. ఒక్కొక్క చిత్రమునకు 8,000కు పైగా ఛాయాచిత్రములు పట్టినవి.

అయితే ఇట్టి చిత్రము ఒక్క క్షణమున కంటబడిన దృశ్యము కాదు, లెక్కకట్టి కూర్చినది. తీయుచుండగా పురుగు కదలినచో ఒక మీసము రెండగును. రోమములు ఒకదానిపై ఒకటి ఉన్నచోట ఒకటి మాయమగును. రోమములను లెక్కించి జాతిని గుర్తించు శాస్త్రములో ఇది చిన్న పొరపాటు కాదు. సందేహము కలిగినప్పుడు రాస్ మరల మరతిప్పి చూడగలిగెను. పూర్తియైన కూర్పుచిత్రములో తిప్పుటకు మర లేదు. కావున కొలమానమును చిత్రముపై చూపుటయు, మూల చిత్రములనన్నిటిని భద్రపరచుటయు విద్యార్థులు మొదటినుండి అలవరచుకొనవలసిన నియమములు.