లోకాంతర ప్రణయం: నారాయణవనం నుంచి తరిగొండ దాకా

ప్రవేశిక

వేరువేరు గ్రహాలకు చెందిన ఇద్దరు అపరిచితుల మధ్య ప్రణయం వైజ్ఞానిక కల్పనా సాహిత్యంలో బాగా నలిగిన ఇతివృత్తం. ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో ఒక అమెరికన్ పత్రికలో ధారావాహికగా రాసిన అంగారక రాజకుమారి కథ దీనికి తొలినాటి ప్రసిద్ధ నమూనా. భూమి నుంచి వెళ్లిన సైనికుడు జాన్ కార్టర్ అక్కడి రాజకుమారి దేజా థోరిస్‌ను ప్రేమిస్తాడు. ఆ జాతి మర్యాదలు తెలియక ఆమె మనసు నొప్పిస్తాడు. చివరికి కత్తిబలంతో ఆమెను దక్కించుకుంటాడు. ఇటువంటి కథలు చర్చకు వచ్చినప్పుడు 'ఇవన్నీ మన పురాణాల్లో ఉన్నవే' అనడం తెలుగువారికి అలవాటు. ఆ మాటలో సగమే నిజం. ఆ సగం ఏమిటో తేల్చడానికి తిరుపతి, చిత్తూరు ప్రాంతపు వాఙ్మయం మంచి ఆధారం.

గ్రహం, లోకం

తెలుగులో 'గ్రహం' నివాసస్థలం కాదు. ఆ మాటకు పట్టుకొనేది అని అర్థం. నవగ్రహాలలో సూర్యచంద్రులూ ఉన్నారు, కంటికి కనిపించని రాహుకేతువులూ ఉన్నారు. శ్రీకాళహస్తిలో నేటికీ జనం రాహుకేతు పూజ చేయించుకొనేది గ్రహాన్ని శాంతింపజేయడానికే. అక్కడ ఎవరో కాపురముంటారనీ, వారిని ప్రేమించవచ్చుననీ ఆ భక్తులకు తోచదు. మన కథల్లో ప్రణయానికి చోటిచ్చినది గ్రహం కాదు, లోకం. లోకాల మధ్య అడ్డు దూరం కాదు, అర్హత. వైజ్ఞానిక కల్పనలో దూరమే ప్రధానమైన అడ్డు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ అంగారక కక్ష్యను చేరేసరికి 2014 సెప్టెంబరు 24 అయింది. 2022 నుంచి శ్రీహరికోట తిరుపతి జిల్లాలో భాగం. వైకుంఠం నుంచి శ్రీనివాసుడు దిగివచ్చిన కొండకూ, అంగారకుడి వైపు నౌక లేచిన తీరానికీ ఇప్పుడు ఒకే జిల్లా చిరునామా. రెండు ప్రయాణాలూ ఒకటే అనుకోవడానికి మాత్రం అది చాలదు.

నారాయణవనం కథ

పుత్తూరు సమీపంలోని నారాయణవనం ఆకాశరాజు రాజధాని అని వేంకటాచల మాహాత్మ్య కథలు చెబుతాయి. రాజు పేరు ఆకాశం, రాణి పేరు ధరణి. పొలం దున్నుతుండగా తామరపువ్వులో దొరికిన పసిబిడ్డ పద్మావతి. నింగికీ నేలకూ కూతురైన పిల్లను కోరి పరలోకపు వరుడు రావడంలో ఒక చమత్కారం ఉంది.

ఏనుగును తరుముతూ వేటగాడి రూపంలో వచ్చిన శ్రీనివాసుడు ఉద్యానవనంలో పద్మావతిని చూస్తాడు. ఆమె ముందుగా అడిగేది కులగోత్రాలు. ఎదుటివాడు ఏ లోకంవాడన్నది ఆమెకు పట్టలేదు, ఎవరి ఇంటివాడన్నదే ఆమె ప్రశ్న. అతడు వసుదేవుడు తండ్రి అనీ, దేవకి తల్లి అనీ, సుభద్ర చెల్లెలనీ చెబుతాడు. అంత పరమాత్మ తన పరిచయాన్ని బంధువుల పేర్లతో ఇవ్వవలసి వచ్చింది. అయినా చెలికత్తెలు రాళ్లు రువ్వుతారు. గుర్రం కూలిపోతుంది. వరుడు కాలినడకన కొండెక్కి వకుళమాత ఎదుట మంచం పడతాడు. బరోస్ కథానాయకుడు కత్తితో గెలిచిన చోట ఈ నాయకుడు రాళ్ల దెబ్బలు తిని ఇల్లు చేరాడు. ప్రణయకథగా ఇదే ఎక్కువ సాహసం గలది.

ఇక్కడ పద్మావతికి విరహజ్వరం. ఆలయంలో అభిషేకాలు చేయించినా ఒంటి వేడి తగ్గలేదు. అప్పుడు శ్రీనివాసుడు ఎరుకల స్త్రీ వేషంలో, చంకన బుట్టతో రాజవీథికి వస్తాడు. అంతఃపురం ఒక దేవుడి మాట వినలేదు గాని ఎరుక చెప్పే ఆడమనిషి మాట విన్నది. వైజ్ఞానిక కథల్లో భాషాంతరీకరణ యంత్రం చేసే పనిని ఈ కథలో ఎరుక చేసింది. సమాజంలో అట్టడుగున ఉన్న స్త్రీ వృత్తిని దేవుడు అరువు తెచ్చుకోవడం గమనార్హం. తరువాత అరువు ధనం కూడా కావలసి వచ్చింది. బ్రహ్మ, శివుడు, అశ్వత్థవృక్షం సాక్షులుగా కుబేరుడికి పత్రం రాసి ఇచ్చాడు. పెండ్లి కోసం అప్పు చేయడం రాయలసీమ రైతుకు కొత్త సంగతి కాదు. లోకాంతర వరుడు ఈ నేలకు చెందినవాడైనది పెండ్లితో కాదు, ఆ పత్రంతోనే అనిపిస్తుంది. కలియుగాంతం వరకు వడ్డీ కట్టవలసినవాడు కొండ దిగి పోలేడు.

తిరుగు దారి మూసుకుపోయినవారు

దీనికి ఎదురు నిలిచే కథ మనుచరిత్రలో ఉంది. దానిని అంకితం పొందిన శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు పలుమార్లు తిరుమలను దర్శించినవాడే. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయం చేరిన ప్రవరుడికి మంచుకు లేపం కరిగిపోవడంతో తిరుగు దారి లేదు. ఆధునిక పాఠకుడికి ఇది వాహనం చెడి అన్య గ్రహంమీద చిక్కుకున్న యాత్రికుడి స్థితిలా తోచవచ్చు. దారి అడగబోయి వరూధిని కంటపడతాడు. ఆమె వలపును అతడు నిరాకరిస్తాడు, పెద్దన ప్రతిభ అంతా ఆ నిరాకరణ చుట్టూ ఎగసిన తాపంలోనే ఉంది.

ఇదే చిక్కును తిరగవేసి 1990లో కె. రాఘవేంద్రరావు 'జగదేకవీరుడు అతిలోకసుందరి' తీశారు. ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రజ స్వర్గానికి పోలేదు. నారాయణవనం కథ మాత్రం పి. పుల్లయ్య చేతిలో రెండుసార్లు తెరకెక్కింది. 1939 నాటి 'బాలాజీ'లో పద్మావతిగా నటించిన శాంతకుమారి, 1960 నాటి 'శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం'లో వకుళమాత అయింది.

శృంగారం ఎవరి హక్కు

ఈ ప్రణయంలోని దేహతాపాన్ని దాచకుండా పాడినవాడు తాళ్లపాక అన్నమాచార్యుడు. రాగిరేకులలో లభించినవాటిలో శృంగార సంకీర్తనలే ఎక్కువ. చెమట, గోటి గుర్తులు, కరిగిన గంధం, జారిన కొప్పు, నిద్ర చాలని కళ్లు, తెల్లవారి వచ్చిన మగనిపై అలమేలుమంగ ఎత్తిపొడుపులు, చెలికత్తెల గుసగుసలు వాటిలో కోకొల్లలు. అన్యలోకపు పురుషుడనే బెరుకు ఆ గొంతులలో ఎక్కడా లేదు. ఆలస్యంగా ఇల్లు చేరిన భర్తను నిలదీసే చనువే ఉంది.

ఈ చనువు అందరికీ సమానంగా చెల్లలేదు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురించగా, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. ఆ నడిమి కాలంలోనే అన్నమయ్య శృంగార సంకీర్తనలు దేవస్థానం పూనికతో అచ్చుకెక్కాయి. రెండు చోట్లా నాయకుడు విష్ణువే. తేడా రాసినవారిలోనూ, వారి కులవృత్తిలోనూ ఉంది. శృంగారాన్ని గురించిన చర్చలో మన విమర్శకులు వస్తువును చూసినంతగా ఈ తేడాను చూడలేదు.

అందువల్లనే తరిగొండ వెంగమాంబ విషయం విలువైనది. వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, బాల్యంలోనే భర్తను కోల్పోయిన ఆమె వైధవ్య చిహ్నాలను అంగీకరించలేదు. వేంకటేశ్వరుడే తన భర్త అన్నది. ఊరు చేసిన వైధవ్య నిర్ణయాన్ని లోకాంతర ప్రణయం ఆధారంగా ఎదిరించిన మనిషి ఆమె. ఇతరులకు కథ అయినది ఆమెకు జుట్టునూ, బొట్టునూ నిలబెట్టిన వాదం. తరువాత తిరుమల చేరి 1817లో కన్నుమూసేవరకు అక్కడే ఉండి, అదే పెండ్లి కథను 'వేంకటాచల మాహాత్మ్యము'గా పద్యాలలో రాసింది. 'చెంచు నాటకం' అనే యక్షగానం కూడా ఆమె రచనే. దేవుడు అడవిపిల్లను వలచిన కథ అది. నారాయణవనం పెండ్లిని మరొకరి పెండ్లిగా ఆమె రాయలేదని గుర్తుంచుకొంటే ఆ కావ్యాన్ని చదివే తీరు మారుతుంది.

తిరుమల ఆలయంలో రాత్రి చివరి సేవ ఏకాంతసేవ. అప్పుడు తాళ్లపాకవారి లాలి పాడుతారు, తరిగొండవారి ముత్యాల హారతి ఇస్తారు. ఆ తరువాత శయనమండపం తలుపులు మూస్తారు.