ఆర్థిక మాంద్యము – కుందూ లోయ జనజీవనము

కరవు వేరు, మాంద్యము వేరు. కరవునాడు చేత డబ్బున్నను కొనుటకు గింజ దొరకదు; మాంద్యమునాడు ఇంట గింజయున్నను తగిన ధరకు కొనువాడు దొరకడు. రాయలసీమ చరిత్రలో మొదటిదానికి దక్కిన చోటు రెండవదానికి దక్కలేదు. 1876–78 నాటి ధాత కరవు కర్నూలు మండల జనాభాలో ఇంచుమించు నాలుగవ వంతును హరించినదని 1871, 1881 జనాభా లెక్కలు సరిపోల్చిన తెలియగలదు. ఇట్టి మృత్యులేఖ మాంద్యమునకు లేదు. అది మనుష్యుని చంపక, వాని బ్రతుకుతీరును మార్చును. 1929 తరువాత నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ఆ మార్పు ఏ మార్గమున వచ్చెనో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభయందు దత్తమండలములకు ‘రాయలసీమ’ యను పేరు వెలసినది. ఆ సభ జరిగి ఏడాది నిండకమునుపే, 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల విపణి కూలినది. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి నంద్యాల! అయినను వీనిని కలుపు సూత్రమొకటి కలదు. నల్లమల, ఎర్రమల కొండల నడుమనున్న ఈ నల్లరేగడి నేలలో పండిన పత్తి, ‘నార్తరన్సు’ అను వ్యాపారనామముతో దూరదేశములకు పోవుచుండెను. మదరాసు రాజధానిలోని వేరుసెనగకు ఫ్రాన్సు దేశపు నూనె మిల్లులు పెద్ద గిరాకీ. 1929–33 నడుమ ప్రపంచ వాణిజ్యపు విలువ మూడవ వంతునకు దిగజారగా, మదరాసు రాజధానిలో పంటల ధరలు ఇంచుమించు సగమునకు పడిపోయెను.

ధర సగమైనను శిస్తు సగము కాలేదు. రైతువారీ పద్ధతిలో శిస్తు రూపాయలలో నిర్ణీతము. పూర్వము పది మణుగుల పత్తి అమ్మి కట్టిన శిస్తునకు ఇప్పుడు ఇరువది మణుగులు కావలెను. వడ్డీయు అట్టిదే. దీనికి తోడు నంద్యాలకు రైలు కలదు, ఆళ్లగడ్డకు లేదు. సరకు రైలు చేరుటకు బండి బాడుగ అదనము. కావున ధర పడినప్పుడు రైలుకు దూరమైన పల్లెరైతు చేత మిగులునది మరింత తక్కువ.

ఇక కూలివారి సంగతి. ఈ సీమలో కోతకూలి గింజలలో కొలుచుట పాత ఆచారము. జొన్న ధర ఎంత పడినను కొలత మారనంతవరకు ఆ కూలివాని కడుపు నిండును. నంద్యాల పత్తిమిల్లులలో పనిచేయువాడు, బండి తోలువాడు రొక్కముపై బ్రతుకువారు. సరకు కదలనినాడు వారికి పనియే లేదు. ధరలు పడినవని సంతోషించుటకు ముందు జీతముండవలెను గదా. పల్లెకంటె పట్టణమునకు, గింజకూలికంటె రొక్కపుకూలికి మాంద్యము కఠినతరమని మా అభిప్రాయము.

ఆహారము విషయమున కూడ ఇదే సూత్రము. ఇచ్చటి నిత్యాహారము జొన్నరొట్టె, సంగటి, కొర్రబువ్వ. కడప–కర్నూలు కాలువ క్రింద వరి పండినను, మెట్టపల్లెలలో వరియన్నము పండుగ భోజనమే. రొక్కము కరవైన ఇంట ముందుగా తగ్గునవి అంగడినుండి వచ్చు బట్ట, బెల్లము, నూనె, బియ్యము. పాతరలో జొన్న నిలువయున్న ఇల్లు పస్తుండదు. పొలమంతయు పత్తికే విడిచిన ఇంటికి ఆ ఆధారము లేదు.

నిజమైన నష్టము పళ్లెములో గాక పెట్టెలో కనబడినది. 1931 సెప్టెంబరులో బ్రిటను స్వర్ణప్రమాణమును విడిచిన పిమ్మట బంగారము ధర పెరిగి, దేశమందలి పల్లెల నగలు కరిగి ఓడలెక్కెను. ఆడువారి మెడలోని ఆస్తి శిస్తునకు, వడ్డీకి పోయినది. 1938లో మదరాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, అసలునకు రెండింతలు చెల్లించిన రైతు బాకీని రద్దుచేసినది. అప్పు పోయినను, అమ్మిన నగ తిరిగి రాలేదు.

ఒక్క మాట చెప్పి ముగింతుము. 1930 దశకపు మాంద్యమును ఈ లోయ పల్లెలు తాళుకొన్నవన్న, దానికి కారణము పాతర జొన్నయు, గింజకూలియును. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప వరియన్నము నిత్యాహారమయ్యెను. ఇది పేదకు మేలే. పండుగ కూడు ప్రతిదినపు కూడైనది. కాని ఇంటి ఆధారము పాతరనుండి చౌకదుకాణమునకు మారినది. 2020లో పనులు నిలిచినప్పుడు పేదలను కాచినది ఆ దుకాణపు ఉచిత బియ్యమే. నాడు భద్రత రైతు చేతిలో నుండెను, నేడు ప్రభుత్వము చేతిలో నున్నది. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లా పల్లెలలో వృద్ధుల జ్ఞాపకములను, పాత పద్దుపుస్తకములను పరిశోధక విద్యార్థులు ఇప్పుడే సేకరించినయెడల, ఈ మార్పులో మనము పొందినదెంతయో, పోగొట్టుకొన్నదెంతయో లెక్కకు వచ్చును. పాతరలు ఇదివరకే పూడినవి. జ్ఞాపకములు పూడకమునుపే ఆ పని జరుగవలెను.