వైద్యుని సీసా నుంచి గోళ్ల రంగు వరకు



కోడుమూరులో నేను వైద్యం చేస్తున్న రోజుల్లో ఒక వృద్ధ దంపతుల ఇంట రెండు ఇన్సులిన్ పెన్నులు ఉండేవి. ఒకటి భోజనానికి ముందు వేసుకోవలసినది, రెండవది రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవలసినది. చూపు మందగించిన ఆ పెద్దాయన ఒక రాత్రి ఒకదానికి బదులు మరొకటి వేసుకొని పడుకున్నారు. అర్ధరాత్రికి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడుతున్న స్థితిలో ఆయనను నా వద్దకు తీసుకువచ్చారు. చక్కెర ఎక్కించగానే తేరుకున్నారు. మరునాడు వారి కోడలు భోజనం ముందు వాడే పెన్నుపై ఎర్రని గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టింది. ఆ పొరపాటు మళ్లీ జరగలేదు.

సూదిలో దూరని దారం కొసను గట్టిపరచడానికి, తుప్పు పట్టే స్క్రూ తలను కాపాడడానికి, ఒకేలా ఉన్న తాళం చెవులను గుర్తుపట్టడానికి మన స్త్రీలు నెయిల్ పాలిష్‌ను వాడుతూనే ఉన్నారు. అలంకారానికి పుట్టిన వస్తువు ఇన్ని పనులకు ఎలా పనికివచ్చిందని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. చరిత్ర తెలిస్తే ఆ ఆశ్చర్యం తొలగిపోతుంది. ఈ ద్రవం మొదట పనిముట్టు, ఆ తరువాతే అలంకారం. గాయానికి పూసే మందుగా అది మొదట వైద్యుని చేతికి వచ్చింది.

లక్క నేర్పిన పాఠం

గోళ్లకు రంగు వేయడం మనకు కొత్త కాదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం మన ఆచారం. అయితే గోరింటాకు గోటిలోనికి ఇంకే రంగు, నెయిల్ పాలిష్ గోటిపై ఆరి నిలిచే పొర. ఆ పొరకు మన ప్రాచీన బంధువు గోరింటాకు కాదు, లక్క. సంస్కృతంలోని 'లాక్షా' శబ్దం నుంచే మన 'లక్క', ఇంగ్లీషువారి 'లాకర్' అనే మాట కూడా వచ్చాయి. గాజులకు మెరుపునిచ్చినదీ, కవరు మీద ముద్రగా నిలిచి లోపలి రహస్యాన్ని కాపాడినదీ ఈ లక్కే. నేడు కవరు అంచుకు నెయిల్ పాలిష్ రాసి అతికించేవారు తెలియకుండానే లక్క ముద్ర వేస్తున్నారు. లక్కకు మరొక గుణమూ ఉంది, అది సులభంగా అంటుకుంటుంది. భారతంలోని లక్క ఇంటి కథ మీకు తెలిసినదే. ఈ రెండు గుణాలనూ గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

పత్తి, ఆముదం కలిసిన వేళ

1840లలో స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ వంటింట్లో ఒలికిన ఆమ్లాన్ని భార్య నూలు వస్త్రంతో తుడిచి ఆరవేయగా అది భగ్గున మండిపోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా, నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలలో నానిన పత్తి నైట్రోసెల్యులోజ్‌గా మారుతుందని 1846లో ఆయన లోకానికి వెల్లడించాడు. దానిని తుపాకి మందుగా వాడవచ్చునని సైన్యాలు ఆశపడ్డాయి.

దానినే ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగిస్తే తేనె వంటి ద్రవం వచ్చింది. దాని పేరు కొలోడియన్. చర్మంపై పూస్తే ద్రావకం ఆవిరై పారదర్శకమైన పొర మిగులుతుంది. 1848లో అమెరికాలోని బోస్టన్‌కు చెందిన జాన్ పార్కర్ మేనార్డ్ దీనిని గాయాలకు కట్టుగా వాడవచ్చునని ప్రకటించాడు. ఆరిన పొర పెళుసుగా ఉండి చిట్లుతుండడంతో, దానికి ఆముదమూ కర్పూరమూ కలిపి సాగే గుణం కల్పించారు. ఆనికాయలకూ, పులిపిర్లకూ వాడే కొన్ని మందులలో నేటికీ ఈ కొలోడియన్ ఉంటుంది.

పత్తి, ఆముదం! రెండూ మన కర్నూలు మెట్టచేలలో పండేవే. మన ఆదోని పత్తి మార్కెట్టు పేరు తెలియనివారు అరుదు. జిన్నింగులో దూది తీసిన తరువాత గింజను అంటిపెట్టుకొని మిగిలే పొట్టి నూగు కూడా నైట్రోసెల్యులోజ్‌కు ముడిసరుకే.

ఆ తరువాత ఈ పదార్థం వైద్యుని పెట్టె దాటి లోకమంతా తిరిగింది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ దానితో ఫొటోలు తీసే పద్ధతిని ప్రకటించాడు. తొలినాటి సినిమా రీళ్లు దానితోనే తయారయ్యాయి. 1920లలో అమెరికాలో మోటారు కార్లకు త్వరగా ఆరే రంగుగా మారింది. అటువంటి పూతే గోటికెక్కింది. 1932లో రెవ్లాన్ సంస్థ నెయిల్ పాలిష్‌తోనే తన వ్యాపారాన్ని ప్రారంభించింది. మన దేశంలో 1952లో టాటాల ఆధ్వర్యంలో లాక్మే వచ్చింది.

ఎక్కడ మేలు చేస్తుంది?

సీసాలో ఉన్నది త్వరగా ఆరే పొర అని గ్రహిస్తే దాని ఉపయోగాలు వాటంతట అవే తోస్తాయి. నా దృష్టిలో వాటిలో రెండు ముఖ్యమైనవి.

మొదటిది, మందుల గుర్తు. ఒకేలా కనిపించే సీసాలపై వేర్వేరు రంగుల చుక్కలు పెట్టండి. పిల్లల సిరప్ కొలిచే మూతపై 5 మిల్లీలీటర్ల గీతను బయటివైపు దిద్దండి. మందు పేరు, గడువు తేదీ మాత్రం కప్పిపుచ్చవద్దు.

రెండవది, నికెల్ ఎలర్జీ. రోల్డ్ గోల్డు నగలు, జీన్స్ గుండీలు, బెల్టు బకిల్ తగిలినచోట దురద, పొక్కులు వస్తే కారణం చాలాసార్లు ఆ లోహంలోని నికెల్. చర్మానికి తగిలే వైపు రంగులేని పాలిష్ పూస్తే అది అడ్డుగోడగా నిలుస్తుంది. అయితే రాపిడికి అరిగిపోతుంది కనుక తరచూ పూయాలి. చెవి రంధ్రంలో ఉండే కాడకు ఈ ఉపాయం చాలదు, నికెల్ లేని లోహమే వాడాలి.

ఎక్కడ కీడు చేస్తుంది?

కొలోడియన్ గాయానికి మందైనంత మాత్రాన నెయిల్ పాలిష్ మందు కాదు. అందులోని ద్రావకాలూ రెసిన్లూ పచ్చి గాయం కోసం చేసినవి కావు. తామరపై, పుండుపై పూయవద్దు. గొర్రెల మందల వెంట తిరిగేవారికి గోమారి పట్టినపుడు దానిపై పాలిష్ పూయవద్దు. సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి, నిదానంగా పైకి లాగాలి.

కనురెప్పలపై దురద, ఎరుపు వచ్చి ఎన్ని లేపనాలకూ తగ్గకపోతే ఒకసారి గోళ్లవైపు చూడండి. పాలిష్‌లోని రెసిన్ పడనివారికి గోటి దగ్గర ఏమీ కాకుండా, చేయి తగిలే పలుచని కనురెప్పపై ఎలర్జీ కనిపించవచ్చు.

వేలికి పెట్టే ఆక్సీమీటరును కోవిడ్ కాలంలో ఎందరో కొనుక్కున్నారు. అది గోటిగుండా కాంతిని పంపి లెక్క కడుతుంది. నలుపు, నీలం వంటి ముదురు రంగులు ఆ లెక్కను తప్పించవచ్చు. రక్తహీనతలో గోటి పాలిపోవడాన్నీ, ఆక్సిజన్ తగ్గినపుడు నీలి రంగునూ ఈ పూత కప్పివేస్తుంది. ఆపరేషనుకు ముందు గోళ్ల రంగు తుడిచి రమ్మనేది అందుకే.

ఇక లక్క ఇంటి పాఠం. పాలిష్ తుడిచే అసిటోన్ ఆవిరి సున్నాకు సుమారు 20 డిగ్రీల దిగువన కూడా అంటుకోగలదు. మన వేసవి ఎండలో ఎంత జాగ్రత్త అవసరమో చెప్పనక్కరలేదు. పొయ్యి దగ్గర, దీపం దగ్గర సీసా తెరవవద్దు. తెగిన కరెంటు తీగపై ఇన్సులేషనుగా పూయవద్దు. పిల్లలు తాగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సీసా ఉంటే పారేయకండి. మూత బిగించి పిల్లలకు అందని చోట పెట్టండి. అంతకు ముందు మీ ఇంటి పెద్దల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఒకేలా కనిపించే మందులు రెండు ఉంటే, ఆ ఎర్రని చుక్క పెట్టే పని నేడే పూర్తి చేయండి.